కారు హీటరు చాలినంత వేడెక్కకపోతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ధనుర్మాసం దగ్గరపడేసరికి తిరుపతి, చిత్తూరు పాఠకుల నుంచి కారు హీటరు గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. తెల్లవారుజామున కొండకు వెళ్లేవారికి, మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు, బెంగళూరు వైపు పొగమంచులో ప్రయాణించేవారికి హీటరు చలి కాచుకోవడానికి మాత్రమే కాదు, ముందు అద్దం మీద ఆవిరి తొలగి దారి కనపడటానికి కూడా కావాలి. మన ప్రాంతంలో ఏడాదికి రెండు మూడు నెలలే దాన్ని వాడతాం కాబట్టి లోపం ఎప్పుడు మొదలైందో చాలామంది గమనించరు. వేడి చాలని హీటరు వెనుక తరచుగా ఇంజన్ శీతలీకరణలోనే లోపం ఉంటుంది కనుక ఈ సంచిక మొత్తం ఆ ఉత్తరాలకే కేటాయించాం.

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల డీజిల్ కారు. హీటరు నాబ్ పూర్తిగా ఎర్ర గీత వైపు తిప్పినా గాలి గోరువెచ్చగానే వస్తోంది. కొండ ఎక్కేటప్పుడు కొంత నయం, దిగేటప్పుడు మాత్రం పూర్తిగా చల్లబడిపోతుంది. ఇంజన్ వేడి చూపే ముల్లు ఎప్పుడూ పావు వంతు దాటదు. రెండేళ్ల కిందట మే నెలలో చంద్రగిరి దగ్గర ఇంజన్ బాగా వేడెక్కితే షెడ్డులో బాగు చేయించాను. అప్పటి నుంచి ఎండాకాలంలో కూడా ఇబ్బంది రాలేదు. ఇప్పుడు మెకానిక్ హీటర్ కోర్ పోయిందని, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి మార్చాలని అంటున్నాడు. మార్పించమంటారా? (ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: డ్యాష్‌బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. మీరు రాసిన నాలుగు విషయాల్లో మూడు, అంటే ముల్లు పావు వంతు దగ్గరే ఆగిపోవడం, ఎక్కేటప్పుడు వేడి ఉండి దిగేటప్పుడు పోవడం, రెండేళ్ల కిందటి మరమ్మతు తర్వాత ఇంజన్ ఎన్నడూ వేడెక్కకపోవడం, ఒకే చోటుకు దారి చూపుతున్నాయి. మీ ఇంజన్లో నీళ్లు రేడియేటర్‌కు వెళ్లే దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకుని బిగిసిపోయి ఉండాలి, లేదా ఆ మరమ్మతులో దాన్ని పూర్తిగా తీసివేసి ఉండాలి. రెండోదే జరిగి ఉంటుందని మా గట్టి అనుమానం.

హీటరు తనంతట తాను వేడిని పుట్టించదు. ఇంజన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్‌లో, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లలో, కొంత భాగం రెండు రబ్బరు హోస్ పైపుల ద్వారా డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వచ్చి, మళ్లీ ఇంజన్‌కు తిరిగి వెళుతుంది. ఆ చిన్న రేడియేటర్‌నే హీటర్ కోర్ అంటారు. దాని సన్నని రెక్కల మధ్య నుంచి బ్లోయర్ గాలిని తోస్తే ఆ గాలి వేడెక్కి మీ దగ్గరకు వస్తుంది. కాబట్టి ఇంజన్ నీళ్లు వేడెక్కకపోతే కొత్త కోర్ వేసినా ఫలితం ఉండదు. డబ్బులు పోతాయి, ఒకసారి విప్పిన డ్యాష్‌బోర్డు కిటకిటలాడటం మొదలవుతుంది.

థర్మోస్టాట్ పని ఇంజన్‌ను చల్లబరచడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంజన్‌ను త్వరగా వేడెక్కించి, ఆ వేడి దగ్గరే నిలబెట్టడం దాని పని. దాని లోపల మైనంతో నిండిన చిన్న డబ్బా ఉంటుంది. కూలెంట్ నిర్ణీత వేడికి చేరగానే మైనం కరిగి వ్యాకోచించి వాల్వ్‌ను తెరుస్తుంది, అప్పుడే నీళ్లు ముందున్న పెద్ద రేడియేటర్‌కు వెళతాయి. అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి చాలా ఇంజన్లలో 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, ఆ అంకె వాల్వ్ మీదే ముద్రించి ఉంటుంది. ఆ వాల్వ్ లేకపోతే బండి తీసిన క్షణం నుంచే నీళ్లన్నీ పెద్ద రేడియేటర్ గుండా తిరుగుతూ చల్లబడుతూనే ఉంటాయి.

మన జిల్లాల్లో మే నెల ఎండకు ఇంజన్ వేడెక్కితే, అసలు కారణం వెతకకుండా థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టడం చాలా షెడ్లలో అలవాటుగా మారింది. రేడియేటర్ పూడుకుపోయిందా, ఫ్యాన్ తిరగడం లేదా, మూత పట్టు వదిలిందా, వాటర్ పంపు అరిగిందా అని చూడటానికి సమయం పడుతుంది, వాల్వ్ తీయడానికి పట్టదు. తాత్కాలికంగా ముల్లు దిగుతుంది కాబట్టి యజమాని సంతోషిస్తాడు. అయితే ఎప్పుడూ చల్లగా నడిచే ఇంజన్ ఎక్కువ ఇంధనం తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఆవిరైపోక మడ్డిగా మారుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ గొట్టంలోని ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ సరైన వేడిలో ఉండాలి, ఉండకపోతే ఫిల్టర్ మసితో పూడిపోయి ఖర్చు చాలా దూరం వెళుతుంది. ఇంకొక విషయం కూడా చెప్పాలి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు దాని రెండో అంచు బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి ఇంజన్లో వాల్వ్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉండి, నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి ఇంజన్లోకి చేరి, ఎండాకాలంలో బరువు మీద ఎక్కేటప్పుడు వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది.

మీ బండి కొండ ఎక్కేటప్పుడు కొంత వెచ్చగా, దిగేటప్పుడు చల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే. అలిపిరి నుంచి రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ గట్టిగా పనిచేసి చాలా వేడి పుట్టిస్తుంది కనుక వాల్వ్ లేకపోయినా నీళ్లు కొంత వేడిగా నిలుస్తాయి. మొదటి ఘాట్ రోడ్డు మీద దిగేటప్పుడు బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేసి ఉంటారు కాబట్టి ఇంజన్‌కు ఇంధనమే దాదాపు అందదు, వేడి పుట్టదు. దేవస్థానం నిబంధన ప్రకారం దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలి కాబట్టి ఆ సమయమంతా ఉన్న వేడి కూడా పెద్ద రేడియేటర్ గుండా బయటకు పోతుంది. థర్మోస్టాట్ ఉన్న బండిలో అయితే నీళ్లు చల్లబడగానే వాల్వ్ మూసుకుని మిగిలిన వేడిని ఇంజన్‌కు, హీటరుకు దాచిపెడుతుంది. కొత్త డీజిల్ ఇంజన్లు ఇంధనాన్ని పొదుపుగా వాడతాయి కనుక వృథా వేడి తక్కువ, దిగువ ప్రయాణంలో వాటి హీటరు కూడా కొద్దిగా తగ్గడం సహజమే. పూర్తిగా చల్లబడిపోవడం మాత్రం సహజం కాదు.

అనుమానం నిజమో కాదో ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఇంజన్ నుంచి రేడియేటర్ పై భాగానికి వెళ్లే లావుపాటి హోస్‌ను ఐదేసి నిమిషాలకు ఒకసారి వేళ్లతో తాకి చూడండి. ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది, బెల్టు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి వదులు బట్టలు, చేతి గొలుసులు దూరంగా ఉంచండి. వాల్వ్ సరిగ్గా ఉంటే ఆ హోస్ చాలాసేపు చల్లగా ఉండి, ఇంజన్ వేడెక్కాక ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మొదటి నిమిషాల నుంచే నెమ్మదిగా గోరువెచ్చబడుతూ పోతుంటే వాల్వ్ తెరిచే ఉంది, లేదా లేనే లేదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్‌ను రేడియేటర్ కింది హోస్ వైపు అమరుస్తారు. అలాంటి వాటిలో పై హోస్ ముందే వేడెక్కుతుంది కాబట్టి కింది హోస్‌ను గమనించాలి.

ముల్లునే పూర్తిగా నమ్మకండి. చాలా కార్లలో నీళ్లు 75 డిగ్రీలున్నా 100 డిగ్రీలున్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారీదారులే ఏర్పాటు చేస్తారు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు పెట్టే చిన్న రీడర్ తెచ్చుకుంటే కూలెంట్ వేడి అంకెల్లో మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. తిరుపతిలో డిసెంబరు ఉదయాల చలికి పదిహేను నిమిషాల మామూలు ప్రయాణం తర్వాత అది 80 దాటి నిలవాలి. 60, 65 దగ్గరే ఊగుతూ, బండి వేగం పెరిగినప్పుడు ఇంకా పడిపోతుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మెకానిక్‌ను మర్యాదగా, సూటిగా ఒక మాట అడగండి: "రెండేళ్ల కిందట వాల్వ్ తీశారా?" తీసి ఉంటే చాలామంది దాచకుండా చెబుతారు. కొత్త థర్మోస్టాట్ కొనేటప్పుడు మీ ఇంజన్‌కు కంపెనీ చెప్పిన అంకె ఉన్నదే తీసుకోండి, "మన ఎండలకు తక్కువ డిగ్రీలది మంచిది" అనే సలహా పాటించవద్దు. బిగించే ముందు దాన్ని దారంతో కట్టి, గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద కాచి చూడండి. ముద్రించిన అంకెకు అటూ ఇటూగా వాల్వ్ కదలడం కంటికి కనిపిస్తుంది. దాని అంచున చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటే, లోపల చిక్కిన గాలి బయటకు పోవడానికి ఆ పిన్ను పై వైపున ఉండేలా అమర్చాలి. వాల్వ్ పెట్టాక మే నెలలో ఇంజన్ మళ్లీ వేడెక్కితే అప్పుడు అసలు జబ్బు బయటపడినట్టు. రేడియేటర్, ఫ్యాన్, మూత, పంపు ఆ వరుసలో చూపించండి.

థర్మోస్టాట్ బాగుండి, నీళ్లు 85 దాటి, అప్పటికీ గాలి చల్లగానే ఉంటే డ్యాష్‌బోర్డు వైపు వెళ్లే ఆ రెండు సన్నని హోస్‌లను తాకి చూడాలి. రెండూ బాగా వేడిగా ఉంటే నీళ్ల వైపు లోపం లేదు, లోపం గాలి వైపు ఉంది. ఒకటి కాలిపోతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్ పూడుకుపోయింది, లేదా ఆ దారిలో హీటర్ వాల్వ్ ఉన్న బండి అయితే అది తెరుచుకోవడం లేదు. రెండూ చల్లగా ఉంటే నీళ్లే అక్కడికి చేరడం లేదు. గన్ థర్మామీటర్ వాడేవారు మెరిసే లోహం మీద కాకుండా నల్లని రబ్బరు మీదే గురిపెట్టాలి, లోహం మీద అది తప్పు అంకె చూపుతుంది. మధ్య గాలి దారిలో మామూలు థర్మామీటర్ పెట్టి, హీటరు పూర్తిగా తిప్పి, బ్లోయర్ మధ్య వేగంలో ఉంచితే, బయటి గాలి కంటే 30 డిగ్రీలకు తక్కువ కాకుండా వేడి రావాలని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మాది చిన్న పెట్రోలు కారు. అందులో వేడి చూపే ముల్లు లేదు. బండి పరుగెత్తుతున్నప్పుడు హీటరు బాగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగాలి వస్తుంది. స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు వెనుక నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. రిజర్వ్ ట్యాంకులో నెలకొకసారి బోరు నీళ్లు పోస్తున్నాను. (ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరిది. కూలెంట్ మూసిన వ్యవస్థలో తిరుగుతుంది కాబట్టి నెలనెలా నీళ్లు పోయాల్సిన అవసరం రాకూడదు. వస్తోందంటే ఎక్కడో కారుతోంది. కారిపోయిన నీళ్ల స్థానాన్ని గాలి ఆక్రమించింది. ఆ గాలి, వ్యవస్థలో ఎత్తుగా ఉండే హీటర్ కోర్‌లో చేరి నిలిచింది. మీరు వింటున్న చప్పుడు గాలీ నీళ్లూ కలిసి కోర్‌లో పారుతున్న చప్పుడే. ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు పంపు బలంగా తోస్తుంది కాబట్టి కొంత నీరు కోర్ దాకా ఎక్కుతుంది, ఆగి ఉన్నప్పుడు ఎక్కదు.

ముందు కారే చోటు కనిపెట్టాలి. రాత్రి బండి కింద పాత దినపత్రికలు పరిచి, ఉదయం తడి ఎక్కడ ఉందో చూడండి. హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచున, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర తెల్లని లేదా రంగు మరక కనిపిస్తే కారుతున్నది అక్కడే. ముందు సీటు దగ్గర, ఎక్కువగా డ్రైవరు పక్క మనిషి కాళ్ల దగ్గర, తివాచీ తడిగా ఉండి, బండిలో తియ్యని వాసన వస్తూ, అద్దం లోపలి వైపు జిడ్డుగా ఆవిరి పడితే కోరే కారుతోంది. అప్పుడు మాత్రం దాన్ని మార్చక తప్పదు. ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతూ, రిజర్వ్ ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తూ, ఇంజన్ వేడెక్కాక కూడా పొగ గొట్టం నుంచి దట్టమైన తెల్లని పొగ వస్తుంటే సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. అలాంటప్పుడు బండి నడపకుండా షెడ్డుకు చూపించండి.

మీ కారులో ముల్లు లేకపోవడం వల్ల మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. ముల్లు లేని కార్లలో చాలావాటికి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, ప్రమాదకరంగా వేడెక్కినప్పుడు ఎర్ర దీపం వెలుగుతాయి. నీళ్లు బాగా తగ్గిపోతే వేడిని కొలిచే సెన్సార్ నీళ్లలో కాక ఆవిరిలో ఉండిపోయి, ఎర్ర దీపం ఆలస్యంగా వెలగవచ్చు, లేదా వెలగకపోవచ్చు. అంతకు ముందే హెచ్చరించేది చల్లబడిన హీటరే. ప్రయాణం మధ్యలో బాగా పనిచేస్తున్న హీటరు హఠాత్తుగా చల్లగాలి ఊదితే, దీపాల కోసం ఎదురు చూడకుండా బండి పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి.

బోరు నీళ్ల సంగతి. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పులు, సున్నం ఎక్కువ. బకెట్ అంచున, గీజర్ కడ్డీ మీద పేరుకునే తెల్లని పొరే హీటర్ కోర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది, అల్యూమినియం భాగాలను తినేస్తుంది కూడా. ఇకపై కంపెనీ చెప్పిన రకం కూలెంట్ మాత్రమే వాడండి. గాఢమైనది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలపాలి, కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనే రంగులు ఒక్కో కంపెనీ ఇష్టం, రంగు కలిసిందని రకం కలిసినట్టు కాదు. రెండు రకాలు కలిపితే కొన్ని జిగురుగా గడ్డకడతాయి. మన దగ్గర చలికి నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు అని కొందరు అడుగుతారు. తుప్పు పట్టకుండా కాపాడటానికీ, మరిగే డిగ్రీ పెంచడానికీ అది మన ఎండల్లో ఇంకా ఎక్కువ అవసరం.

కారడం ఆగాక గాలి తీయించాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక మాత్రమే మూత తీయాలి. వేడి మీద తీస్తే ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు చిమ్ముతాయి, ఆ గాయాలు చాలా దారుణంగా ఉంటాయి. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, హీటరు పూర్తి వేడికి తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, కూలెంట్ నిదానంగా పోస్తూ బుడగలు ఆగేదాకా ఇంజన్ నడపాలి. కొన్ని కార్లలో గాలి సులభంగా రాదు, వాటికి వాక్యూమ్ పరికరం ఉన్న వర్క్‌షాపే దారి.

మరొక విజ్ఞప్తి. కారడం ఆపడానికి రేడియేటర్‌లో పసుపు పోసే అలవాటు రోడ్డు పక్క షెడ్లలో ఇంకా ఉంది. దారి మధ్యలో ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఊరు చేరడానికి అది పనికిరావచ్చు. కానీ ఆ పొడికి చిల్లు ఏదో, కోర్ గొట్టం ఏదో తెలియదు, రెండింటినీ పూడుస్తుంది. పోసి ఉంటే ఇంటికి రాగానే వ్యవస్థ మొత్తం కడిగించండి.

ప్రశ్న: రెండు హోస్‌లూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. అయినా లోపలికి చల్లగాలే వస్తోంది. నాబ్ తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డు లోపల టక్ టక్ మని శబ్దం కూడా వినిపిస్తోంది. పైగా బ్లోయర్ ఆఖరి నంబరులో తప్ప తిరగడం లేదు. (ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: మీ బండిలో నీళ్ల వైపు అంతా బాగుంది. వేడి గాలినీ చల్లగాలినీ పాళ్లలో కలిపే పలక ఒకటి కోర్ దగ్గర ఉంటుంది. నాబ్ తిప్పితే పాత బండ్లలో తీగ, కొత్త బండ్లలో చిన్న మోటారు ఆ పలకను కదుపుతాయి. టక్ టక్ శబ్దం ఆ మోటారులోని ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగి జారుతున్నదానికి గుర్తు. కొన్ని బండ్లలో బ్యాటరీ తీగ కాసేపు విప్పి పెడితే మోటారు తన స్థానాలను మళ్లీ నేర్చుకుంటుంది, కానీ విరిగిన చక్రానికి అది మందు కాదు. చాలా మోడళ్లలో ఈ మోటారు గ్లవ్ బాక్సు తీస్తే అందుతుంది, కోర్ మార్చడమంత పెద్ద పని కాదు. తీగ ఉన్న బండిలో అయితే క్లిప్పు నుంచి ఊడిపోయిందేమో చూస్తే చాలు, తరచుగా అంతే ఉంటుంది.

బ్లోయర్ ఒక్క ఆఖరి నంబరులోనే తిరగడం వేరే లోపం. మిగతా వేగాలను నియంత్రించే రెసిస్టర్ కాలిపోయింది. అది చవకైన వస్తువు. అది మార్చేటప్పుడే కేబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము, ఎండుటాకులతో అది మూసుకుపోయి ఉంటే ఎంత వేడి ఉన్నా గాలి చాలక హీటరు పనిచేయనట్టే అనిపిస్తుంది.

ప్రశ్న: నేను తిరుమల ట్రిప్పులు వేసే టాక్సీ డ్రైవరును. వాన పడుతున్నప్పుడు ఏడుగురు ఎక్కితే అద్దాలన్నీ ఆవిరి పట్టి ఘాట్‌లో దారి కనిపించదు. హీటరు వేస్తే ఇంకా ఎక్కువవుతోంది. ఏసీ వేస్తే ప్రయాణికులు చలి అంటున్నారు. ఏం చేయాలి? (తిరుపతి)

జవాబు: రెండూ కలిపి వేయండి. నాబ్ వేడి వైపు, గాలి ముందు అద్దం వైపు, ఏసీ స్విచ్ ఆన్, బ్లోయర్ బాగా పెంచి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట మార్చండి. ఏసీ ముందు గాలిలోని తేమను పిండేస్తుంది, ఆ పొడి గాలిని హీటర్ కోర్ వేడి చేసి అద్దం మీదకు పంపుతుంది, వేడి పొడి గాలి అద్దం మీది తేమను పీల్చుకుంటుంది. ప్రయాణికులకు చలి కూడా వేయదు. హీటరు వేస్తే ఎక్కువవుతోందని మీరు రాశారంటే, లోపలి గాలే తిరిగే మీట వేసి ఉంచుతున్నారని అర్థం. ఏడుగురి ఊపిరి, తడిసిన బట్టల తేమ అంతా ఆ గాలిలోనే తిరుగుతుంది. అలా చేసినా తగ్గకుండా అద్దం మీద జిడ్డు పొర, తియ్యని వాసన ఉంటే పైన చిత్తూరు పాఠకురాలికి చెప్పినట్టు కోర్ కారుతోందేమో చూపించండి.

ఒక తేడా గమనించండి. వాన వెలిసిన ఉక్క రాత్రుల్లో ఏసీ చల్లదనానికి అద్దం బయటి వైపు ఆవిరి పడుతుంది. అది వైపర్ ఆడిస్తే పోతుంది. వేలితో లోపల గీసి చూస్తే ఏ వైపో వెంటనే తెలుస్తుంది. బయటి వైపు అయితే ముందు అద్దానికి చల్లగాలి తగలకుండా మార్చండి.

ప్రశ్న: ప్రయాణికులు దర్శనానికి వెళ్లినప్పుడు రాత్రంతా పార్కింగులో కారులోనే పడుకుంటాం. చలికి ఇంజన్ నడుపుతూ, అద్దాలు మూసి, హీటరు వేసుకోవచ్చా? (ఒక డ్రైవరు, చిత్తూరు)

జవాబు: వద్దు. ఏ పరిస్థితిలోనూ వద్దు. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పొగ గొట్టంలో చిల్లు ఉన్నా, బండి గోడకు ఆనుకుని ఉన్నా, పక్క బండ్ల ఇంజన్లు నడుస్తున్నా ఆ వాయువు బ్లోయర్ ద్వారా లోపలికి చేరుతుంది. నిద్రలో ఉన్న మనిషికి తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం అనే హెచ్చరికలు తెలియవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పడుకునే ముందు ఇంజన్ పూర్తిగా కట్టేయండి, దుప్పటి, స్వెటరు, చెవులకు మఫ్లరు వెంట పెట్టుకోండి, రెండు అద్దాలు వేలెడంత దించి ఉంచండి. మీ యజమాని ఈ విషయంలో ఏమన్నా వినవద్దు.

ప్రశ్న: మా పాత వ్యానులో కోర్ పూడుకుపోయిందని తేలింది. యాసిడ్ పోసి కడిగితే బాగవుతుందంటున్నారు. లేకపోతే రెండు హోస్‌లను కలిపేసి కోర్‌ను వదిలేయమంటున్నారు. (చిత్తూరు)

జవాబు: బాత్రూము కడిగే యాసిడ్ కోర్ గొట్టాలను తినేస్తుంది, పూడిక పోకముందే చిల్లు పడుతుంది. రెండు హోస్‌లను కోర్ నుంచి విప్పి, నీళ్లు బయటకు వచ్చే గొట్టం వైపు నుంచి, అంటే మామూలు ప్రవాహానికి ఎదురుగా, తోట పైపుతో తక్కువ ఒత్తిడిలో నీళ్లు పంపించండి. మొదట గోధుమరంగు మడ్డి వస్తుంది. నీళ్లు తేటగా, ధారగా వచ్చేదాకా ఒకసారి ఇటు, ఒకసారి అటు మార్చి పంపండి. కంప్రెసర్ గాలి పూర్తి బలంతో పెడితే పాత కోర్ పగిలిపోతుంది, జాగ్రత్త. చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి కొత్త కూలెంట్ నింపించండి. అలా కడిగినా ధార సన్నగానే ఉంటే మార్చడమే మేలు.

హోస్‌లు కలిపేయడం కోర్ కారుతున్నప్పుడు ఇల్లు చేరడానికి పనికివచ్చే ఉపాయం, బండి అలాగే నడుస్తుంది. కానీ వాన కాలంలో, పొగమంచులో అద్దం తుడిచే దారి మీకు ఇక ఉండదు కనుక దాన్ని శాశ్వతం చేయవద్దు. కలిపేటప్పుడు మామూలు నీళ్ల పైపు ముక్క కాకుండా, వేడినీ ఒత్తిడినీ తట్టుకునే హీటర్ హోస్‌నే వాడించి, రెండు చివరలా క్లిప్పులు బిగించారో లేదో మీరే చూసుకోండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటున్నాం. అందులో ఇంజన్ వేడి ఉండదు కదా, హీటరు ఎలా పనిచేస్తుంది? (భవానీనగర్, తిరుపతి)

జవాబు: వాటిలో బ్యాటరీ కరెంటుతో వేడెక్కే పలకలు గానీ, ఏసీని తిరగేసి నడిపే హీట్ పంపు గానీ ఉంటాయి. ఇంజన్ వేడెక్కేదాకా ఆగక్కర్లేదు, స్విచ్ వేసిన కాసేపటికే వెచ్చని గాలి వస్తుంది. అయితే ఆ కరెంటు బ్యాటరీ నుంచే పోతుంది కాబట్టి ఒక్క చార్జికి వెళ్లే దూరం కొంత తగ్గుతుంది. మన చలికి ఆ తగ్గుదల పెద్దగా ఉండదు. చార్జింగ్ తీగ తగిలించి ఉన్నప్పుడే బండిని ముందుగా వెచ్చబరచుకునే సౌకర్యం ఉన్న మోడల్ అయితే తెల్లవారుజామున కొండకు బయలుదేరేవారికి మంచిది. కొనేముందు ఆ సౌకర్యం ఉందో లేదో షోరూములో అడిగి, మీ ఎదుటే పనిచేయించి చూడండి.